స్వరూపకు ఎవరు చెప్పారు?

ప్రాసిక్యూటర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు కామారెడ్డిలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతారు. క్రాస్ ఎగ్జామినేషన్ ఎట్లా చేయాలి మేడం, జడ్జి గారు కోప్పడితే ఏం చేయాలి మేడం అని అడుగుతారు. మొదటి నెలలోనే ఏదో పెద్ద హత్య కేసు గెలిచేయాలన్నంత హుషారుగా ఉంటారు. చూస్తే నాకు ముచ్చటేస్తుంది. నేను చెప్పేది మాత్రం వాళ్లకు రుచించదు. "రేపు కోర్టుకు పోగానే ముందు వరండాలోకి వెళ్లండి. అక్కడ ఎవరు కూర్చున్నారో, వాళ్ల కేసు ఏమైందో వాళ్లకు తెలుసో లేదో కనుక్కుని రండి" అంటాను. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. రిటైరయ్యాక ఈవిడకు చాదస్తం పట్టుకుందని అనుకుంటారు కాబోలు. అనుకోనీయండి.

నా సర్వీసులో ఎక్కువ భాగం ఎల్లారెడ్డి, కామారెడ్డి మధ్యే గడిచింది. ప్రమోషన్లూ బదిలీలూ రాయబోవడం లేదు, అవి తలచుకుంటే నాకే విసుగు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. నాతో పనిచేసిన వాళ్లంతా ఈ మాట ఒప్పుకుంటారు. అట్లాంటి నేను ఒకసారి చేసిన తప్పు గురించి రాస్తున్నాను. మీరు చేయకూడదని.

కేసు ఎవరిది

పోలీస్ స్టేషన్లో దరఖాస్తు ఇచ్చిన మనిషి ఆ కేసు తనదే అనుకుంటాడు. కాగితాల మీద అది ప్రభుత్వానిది. మనం ప్రభుత్వం తరఫున నిలబడతాం. కానీ దెబ్బ తిన్న మనిషికి కోర్టులో మనం తప్ప ఇంకెవరూ లేరు. నల్లకోటు వేసుకుని తన పక్కన నిలబడ్డది మనమే కాబట్టి మనమే తన వకీలు అనుకుంటాడు. ఆ నమ్మకాన్ని పోగొట్టడం నాకు ఎప్పుడూ చేతకాలేదు, పోగొట్టాలనీ అనిపించలేదు.

ఇక ప్లీ బార్గెయినింగ్. నిందితుడే ముందుకొచ్చి తప్పు ఒప్పుకుంటాను, శిక్ష తగ్గించండి, బాధితులకు పరిహారం ఇస్తాను అంటాడు. అప్పుడు జడ్జి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడుకొమ్మంటారు. నిందితుడు, పోలీసు, ప్రాసిక్యూటర్, బాధితులు, నలుగురూ ఒప్పుకుంటే విచారణ లేకుండానే కేసు ముగుస్తుంది. మన దగ్గర ఇవి తక్కువ. లోక్ అదాలత్ రాజీలే ఎక్కువ. తక్కువ కాబట్టి మనకూ చేయి తిరగదు, ఊళ్లో వాళ్లు దీన్ని కూడా రాజీ అనే పిలుస్తారు. కొత్త చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి గానీ బాధితులను కూర్చోబెట్టి మాట్లాడాలన్నది మారలేదు.

మేకల తాత

ఈ పని నాకు నేర్పింది మా పెద్దసారు. నేను చేరినప్పుడు ఆయన సీనియర్ ప్రాసిక్యూటర్. భారీ మనిషి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని వరండాలోకి పోయి సాక్షుల మధ్య కూర్చుని తినేవాడు. సాటి వకీళ్లు నవ్వుకునేవాళ్లు. ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

బీబీపేట వైపు నుంచి ఒక తాత వచ్చేవాడు. ఆయన మేకలు రెండు చోరీ అయ్యాయి. దొంగ దొరికాడు, తప్పు ఒప్పుకుంటానని దరఖాస్తు పెట్టుకున్నాడు. పెద్దసారు తాతను పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం వివరించాడు. విచారణ జరిగితే ఇట్లా, ఒప్పుకుంటే అట్లా, నీకు ఇష్టం లేకపోతే లేదను అని. తాత తలూపుతూ అంతా విన్నాడు. విన్నాక అడిగాడు.

"అంత మంచిగనే ఉన్నది సారూ. ఇంతకు నా మేకలు ఎప్పుడిస్తరు?"

నేను పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాను. సారు నవ్వలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మూడోసారి చెప్పేటప్పుడు తాత చేయి పట్టుకున్నాడు. "తాతా, మేకలు రావు. కోసుకొని తిన్నరు. నీకు పైసలిస్తరు, వాని మీద కేసు పడ్డట్టు ఉంటది. గంతే. మేకలు మాత్రం రావు."

తాత తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. తర్వాత, "గీ ముక్క ఎవ్వలు చెప్పలే సారూ. నేను దొడ్డి సుత బాగుచేసి పెట్టిన" అన్నాడు. సారు తన డబ్బాలోంచి రొట్టె తీసి సగం తాతకు పెట్టాడు. ఇద్దరూ కలిసి తిన్నారు. ఆ రోజు సాయంత్రం ఆయన నాతో, "చూడమ్మా, జడ్జికి చెప్పే ముందు వాళ్లకు చెప్పు. చెడ్డ కబురైతే ఇంకా ముందు చెప్పు" అన్నాడు.

ఇంత మంచి గురువు దొరికాక కూడా నేను తప్పు చేశాను. అది చెబుతాను.

ఊరి కమిటీ

మా వైపు ప్రతి ఊరికీ ఒక కమిటీ ఉంటుంది. గుడి పనులు, చెరువు కింద నీళ్ల వంతులు, భార్యాభర్తల తగాదాలు, అన్నీ అక్కడికే పోతాయి. పట్నం నుంచి వచ్చిన ఆఫీసర్లు కమిటీలను తిట్టిపోస్తారు. నేను అంత గట్టిగా తిట్టలేను. సాక్షి రావడం లేదంటే ఒక్క ఫోన్ చేస్తే బండెక్కించి పంపేవాళ్లు వాళ్లే. మా కోర్టు కానిస్టేబుల్ కూడా నోటీసులన్నీ పట్టుకుని ఊరూరా తిరగలేక, "కమిటీ పెద్దమనిషికి చెప్పిన మేడం, ఆయన చెప్తడు" అనేవాడు. నేను సరే అనేదాన్ని. పని సులువుగా అయిపోతుంటే ఎవరికి చేదు? బాధితుల నంబరు ఉండాల్సిన చోట నా డైరీలో పెద్దమనుషుల నంబర్లే ఉండేవి. అది తప్పని నాకు ఏనాడూ తోచలేదు.

సంతకం

ఎల్లారెడ్డి అవతల ఒక ఊరు. పేరు చెప్పను. యాసంగి వడ్లు కోతకొచ్చిన రోజుల్లో సాయిలు అనే రైతు కొనుగోలు కేంద్రంలో తన వడ్ల కుప్ప దగ్గర పొద్దంతా కాపలా ఉండి, పొద్దుగూకే వేళ రోడ్డు పక్కన నడుచుకుంటూ ఇంటికి పోతున్నాడు. వెనక నుంచి ట్రాక్టర్ వచ్చి గుద్దింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. నడిపింది అదే ఊరి కుర్రాడు శ్రీకాంత్, ఇరవై రెండేళ్లవాడు. అజాగ్రత్తగా నడిపి మనిషి చావుకు కారణమయ్యాడని కేసు.

రెండేళ్లు గడిచాయి. విచారణ మొదలవకముందే శ్రీకాంత్ ఒప్పుకోలు దరఖాస్తు పెట్టాడు. జడ్జి మాట్లాడుకొమ్మని తేదీ ఇచ్చారు. ఆ రోజు కమిటీ పెద్దమనిషి నర్సింలు తెల్లబట్టలతో నా గదికి వచ్చాడు.

"అంత మాట్లాడినం మేడం. పరిహారం సుత ఒప్పించినం. పిల్లగాని బతుకు ఖరాబ్ గాకుంట, ఆమెకు అన్యాలం గాకుంట. మీరు సంతకం జేసుడే తరువాయి."

"ఆమెకు చెప్పారా?"

"చెప్పకుంటెట్ల మేడం? బయటనే కూసున్నది."

నేను తలెత్తి కిటికీలోంచి చూశాను. వరండా చివర సాయిలు భార్య స్వరూప గోడకానుకుని కూర్చుని ఉంది. లేచి ఆమె దగ్గరికి పోవడానికి ఇరవై అడుగులు. ఆ రోజు నాకు ఇంకా ఏడు కేసులున్నాయి. పోలేదు. లోపల జడ్జి గారు అడిగినప్పుడు నర్సింలు ఆమెను పిలిచి, "ఈడ పెట్టు బిడ్డా" అని వేలు పెట్టి చూపించాడు. ఆమె పెట్టింది. జడ్జి "నీకు ఇష్టమేనా అమ్మా" అంటే నర్సింలు వైపు చూసి తలూపింది. పక్కనే నిలబడ్డ నేను నా సంతకం చేశాను. శిక్ష చెప్పడానికి వారం తర్వాతికి వాయిదా పడింది.

నేనూ ఆడదాన్నే. మగవాళ్ల మధ్య తలూపడం అంటే ఏమిటో నాకు తెలియదా? తెలుసు. అయినా ఆ రోజు ఆమె మొహం చూడలేదు, సంతకం ఉందో లేదో అదే చూశాను.

బస్టాండు

సాయంత్రం ఎల్లారెడ్డి బస్టాండులో కామారెడ్డి బస్సు కోసం నిలబడ్డాను. ఎవరో చెంగు సర్దుకుంటూ పక్కకు వచ్చారు. స్వరూప. ఊరికి పోయే ఆటో నిండలేదట, డ్రైవర్ ఇంకో ఇద్దరి కోసం అరుస్తున్నాడు.

"మేడం, ఒక్క మాట. నన్ను బోనులకు ఎప్పుడు పిలుస్తరు?"

"ఎందుకమ్మా?"

"సాక్ష్యం చెప్పేటందుకు. అంత యాదికి పెట్టుకున్న మేడం. భయమైతదని పొద్దుగాల బర్రె పాలు పిండుకుంట రోజు చెప్పుకుంటున్న. ఇగ ఆ బర్రెకు సుత నోటికొచ్చింది కావచ్చు" అని సిగ్గుపడుతూ నవ్వింది.

ఏం చెప్పాలి? "ఇంక పిలవరమ్మా. పొద్దున సంతకం పెట్టావు కదా, దాంతో కేసు అయిపోయినట్టే" అన్నాను.

"ఏందయిపోయింది మేడం? పైసలకు సంతకం పెట్టుమన్నడు నర్సింలు బాపు. కేసు నడుస్తదనుకున్న."

"విచారణ ఉండదమ్మా. వాడు తప్పు ఒప్పుకున్నాడు. శిక్ష తగ్గుతుంది."

"మరి మా ఆయన తాగలేదని ఎవలు చెప్తరు?"

అప్పుడు తెలిసింది నాకు. సాయిలు పోయిన మర్నాడే ఊళ్లో మాట పుట్టింది, తాగి తూలుతూ ట్రాక్టర్ కింద పడ్డాడని. కమిటీలోనూ అదే మాట అన్నారు, కుర్రాడి తప్పు తగ్గించడానికి. సాయిలు అప్పుడు హనుమాన్ మాల వేసుకుని దీక్షలో ఉన్నాడు. కొండగట్టు గుడికి పోయి మాల తీయడానికి ఇంకా అయిదు రోజులున్నాయి. మాల వేసుకున్నాక ఇంట్లో భార్య కూడా భర్తను స్వామీ అనే పిలుస్తుంది. అట్లాంటి మనిషి మాలలో ఉండి తాగాడంటే, పోయిన మనిషికే కాదు, ఆ ఇంటికంతటికీ మచ్చ. మరుసటి ఏడు స్వరూప భిక్షకు, అంటే దీక్షలో ఉన్నవాళ్లు తినే మధ్యాహ్నం భోజనానికి, పిలిచినా ఆ ఊళ్లో మాల వేసుకున్నవాళ్లు ఆమె ఇంటి గడప తొక్కలేదట.

"రెండేండ్ల సంది ఓర్చుకున్న మేడం. కోర్టుల అందరి ముంగట చెప్తె అబద్దమన్నోళ్ల నోర్లు మూస్తయనుకున్న. ఇగ చెప్పే దినమే లేదంటివి."

ఆటో నిండింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది. నాకు బస్సులో సీటు దొరికింది కానీ కూర్చోబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ ఫైలు నాకు కంఠస్థం. పోస్టుమార్టం రిపోర్టులో మద్యం వాసన ఏమీ లేదని డాక్టర్ స్పష్టంగా రాశాడు. ఆమె రెండేళ్లుగా ఎవరో ఒకరు చెబితే చాలనుకున్న మాట రెండేళ్లుగా నా బీరువాలో ఉంది. చెప్పలేదు. దాచిపెట్టి కాదు, ఆమెకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తోంది.

తిరిగి మొదటికి

మర్నాడు పొద్దున్నే జడ్జి గారి ఛాంబర్ తలుపు తట్టాను. ఆయన వయసులో నాకంటే చాలా చిన్నవాడు, నెమ్మదస్తుడు.

"సార్, నిన్నటి ట్రాక్టర్ కేసులో బాధితురాలికి ఒప్పందం అర్థం కాలేదు. దాంతో విచారణ ఉండదన్న సంగతి కూడా ఆమెకు తెలియదు."

"మీరు సంతకం పెట్టారు కదా మేడం. ఆమెకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. చెప్పాల్సింది నేను. తప్పు నాది."

అంత సూటిగా ఒప్పుకుంటానని ఆయన అనుకోలేదేమో, పెన్ను మూత పెట్టి నన్నే చూశారు. తర్వాత మళ్లీ అందరినీ పిలిపిస్తానన్నారు.

కబురు తెలియగానే నర్సింలు ఊగిపోతూ వచ్చాడు. "ఏంది మేడం గిది? ఊరంత ఒప్పుకున్నంక ఆమెను మళ్ల అడుగుడేంది? కమిటీ మాటకు ఇజ్జత్ లేదా?"

నాకు మండింది. "పోయింది ఊరి మొగుడు కాదు నర్సింలు గారూ, ఆమె మొగుడు. ఆమెనే అడుగుతా. మీరు బయట కూర్చోండి."

పాపం, ఆయనా చెడ్డవాడేమీ కాదు. కుర్రాడు జైలుకు పోకూడదని, ఆమె ఒట్టి చేతులతో మిగలకూడదని, ఊరు రెండు ముక్కలు కాకూడదని తిరిగిన మనిషి. కాకపోతే ఆమెను అడగాలని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. అరిచేదేదో నా మీద నేను కూడా అరుచుకోవాలి.

ఈసారి మీటింగు కంటే ముందు స్వరూపను నా గదిలో కూర్చోబెట్టుకుని పెద్దసారు చెప్పినట్టే మొత్తం చెప్పాను. విచారణ కావాలంటే జరుగుతుంది, బోనులో నిలబడొచ్చు. అవతలి వకీలు నీ మొగుడు తాగాడనే అడుగుతాడు. ఏడాదో రెండేళ్లో పడుతుంది, గెలుస్తామో లేదో చెప్పలేను. ఒప్పందమైతే వాడు తప్పు ఒప్పుకున్నట్టు రాతలో ఉంటుంది. డాక్టర్ మద్యం వాసన లేదని రాశాడన్న సంగతీ చెప్పాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"రెండిట్ల ఏదైనా సరే మేడం. ముందుగాల నేను చెప్పుకున్నది జడ్జి సారు వింటడా?"

విన్నారు. ఛాంబర్‌లో మీటింగుకు అందరూ చేరాక ఆమెకు కుర్చీ వేశారు గానీ కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన ఏ రోజు మాల వేసుకున్నాడో, రోజూ ఎన్ని గంటలకు తలస్నానం చేసేవాడో, చుక్క ముట్టని మనిషని. చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంకేమైనా చెబుతావా అమ్మా అని జడ్జి అడిగితే, "గంతే సారూ" అంది.

ఓ మూల నిలబడ్డ శ్రీకాంత్ ఏడవడం మొదలుపెట్టాడు. వాళ్ల వకీలు మోచేత్తో పొడుస్తున్నా ఆగలేదు. "సాయిలన్న తాగలే సార్. నా బండికి లైట్లు లెవ్వు. అన్న పక్కకే నడుస్తుండె. తాగిండంటె కేసు అల్కగైతదని చెప్పిండ్రు, నేను నోరు మూసుకున్న. అక్కా, నీ కాళ్లు మొక్కుత."

స్వరూప వాడి వైపు చూడలేదు. జడ్జి వైపే చూస్తూ, "వాడు గిప్పుడన్నది కాయితం మీద రాయుండ్రి సారూ. రాస్తె సంతకం పెడత. వాన్ని జైల్ల పెట్టి నేనేం జేసుకోను?" అంది.

అట్లాంటి వాక్యం రాయడానికి ఫారంలో చోటు లేదని వకీలు అన్నాడు. చట్టం ఇద్దరికీ తృప్తి కలిగేలా కేసు ముగించమంటోంది కదా, ఆమెకు తృప్తి ఇదే అన్నాను. జడ్జి స్వయంగా రాశారు. సాయిలు మద్యం సేవించి లేడని నిందితుడు అంగీకరిస్తున్నాడు అని. ఆ కాపీ తీసుకుని నర్సింలే ఊరి మైకులో చదివించాడని తర్వాత విన్నాను. చెప్పాను కదా, చెడ్డవాడు కాదు.

వరండా

సంతకాలయ్యాక వరండాలోకి వచ్చాం. స్వరూప చేతిలో పోస్టుమార్టం రిపోర్టు కాపీ ఉంది, ఆమె అడిగితే ఇప్పించాను. ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పమంది. నేను మద్యం వాసన లేదన్న లైను వేలు పెట్టి చూపించి చదివాను.

"దీని ముంగటిది ఏమున్నది మేడం?"

"అదంతా డాక్టర్ల భాష అమ్మా. నీకెందుకులే."

నిజానికి భార్య వినాల్సిన సంగతులు కావని దాటేశాను. ఆమె కదల్లేదు. "నాదే గద మేడం కాయితం. సదువుండ్రి" అంది. నా అలవాటు అంత తొందరగా పోతుందా! ఆమెకు ఏది తెలియాలో మళ్లీ నేనే నిర్ణయిస్తున్నాను. సరేనని చదివాను. కడుపులో ఇంకా అరగని ఆహారం ఉంది, అన్నం, పప్పు అని.

ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది.

"పప్పు అని రాసిండా? పప్పన్నమేనా మేడం?"

"అవునమ్మా."

"ఆ దినం భిక్ష ఆలస్యమైందని నా మీద కోపానికొచ్చి తినకుంటనే మళ్ల వడ్ల కాడికి పోయిండు. మనసు ఆగక పొద్దుగూకక ముందే పప్పన్నం డబ్బా పంపిన. ఆ డబ్బా మళ్ల దొరకలే. తిన్నడో తినలేదో ఎవలకు తెల్వదు. ఆకలితోని పోయిండనుకున్న మేడం, గిన్ని దినాలు." ఆమె ఏడుస్తూనే నవ్వింది. "తిన్నడు. నేను పంపింది తిన్నడు."

నాకూ కళ్లు నిండాయి. ఇద్దరం వరండా మెట్ల మీద కూర్చున్నాం. ఆమె కాగితం మళ్లీ నా చేతిలో పెట్టింది. నేను మొదటి లైను నుంచి, ఒక్క మాట కూడా వదలకుండా, తెలుగులో చదివి వినిపించాను.